మూత ముందు లేబుల్

మా అక్కని ఫ్యాక్టరీలో అందరూ స్పానరమ్మ అంటారు. ఆ పేరు నేనే పెట్టి ఉంటానని చాలామందికి అనుమానం, నా నోరు అలాంటిది మరి. కానీ పెట్టింది గేటు దగ్గర వాచ్‌మన్. అక్క ఎప్పుడు చూసినా నడుముకి స్పానర్ దోపుకుని తిరిగేది. ఒకసారి దాన్ని తీయడం మరిచిపోయి పెళ్ళికి కూడా వెళ్ళింది. ఫొటోలో పెళ్ళికూతురి పక్కన అక్క నవ్వుతూ ఉంటుంది, అక్క నడుము దగ్గర స్పానర్ మెరుస్తూ ఉంటుంది.

మా ఫ్యాక్టరీ పని సీసాలు నింపడం. సరుకు మాది కాదు, దాని మీద పేరూ మాది కాదు. ఒకాయన తలనూనె డ్రమ్ముల్లో పంపిస్తాడు. మేం దాన్ని సీసాల్లో పోసి, మూత బిగించి, ఆయన పేరున్న లేబుల్ అంటించి తిరిగి పంపుతాం. ఇంకొకరు ఫినాయిల్ పంపుతారు, ఇంకొకరు గిన్నెల సబ్బు, ఇంకొకరు మొహానికి రాసుకునే క్రీము. పొడుగాటి రేకుల షెడ్డు, రంగు పోయిన గచ్చు, ఒక మూల ప్యాకింగ్ బల్ల. ఆ బల్ల దగ్గర నేను. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే మా బావ మమ్మల్ని వాసన చూసి ఆ రోజు ఏం నింపామో చెప్పేవాడు. బావ బస్సు కండక్టరు. ఇంట్లో ముగ్గురమే ఉన్నా గుమ్మంలో నిలబడితే చాలు, "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటాడు.

మాది చిన్న దేశం. ఇక్కడ ఎవరి ఆర్డరూ పెద్దది కాదు. మా పాత మిషన్‌ని ఆపకుండా వదిలేశామా, దేశంలో ఉన్న తలలన్నిటికీ, బట్టతలలతో సహా, ఏడాదికి సరిపడా నూనె వారం తిరక్కుండా నింపి పారేస్తుంది. ఆ తర్వాత ఏం చేస్తాం? అందుకని అస్తమానం సరుకు మారాలి. సరుకు మారితే సీసా మారుతుంది, సీసా మారితే మిషన్ మారాలి. ఆ మార్చే పని మా అక్కది. దాన్ని సెట్టింగు అంటారు.

పాత మిషన్‌లో సీసా మెడ పట్టుకుని తిప్పే ఇనుప చక్రాలుంటాయి. ఒక్కో సైజు సీసాకి ఒక్కో జత. వెనక గోడ పక్కన ఇనుప అలమరలో వరసగా నిలబెట్టి ఉంటాయి. ఒక చక్రం దింపాలి, ఇంకో చక్రం ఎత్తాలి, ఇరుసు మీద కూర్చోబెట్టాలి, బిగించాలి, ఒక సీసా పంపి చూడాలి, అది పగిలితే మళ్ళీ విప్పి వెంట్రుకవాసి జరిపి మళ్ళీ బిగించాలి. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేది. అంతసేపూ మేం బల్ల దగ్గర కూర్చుని గోళ్ళు గిల్లుకునేవాళ్ళం. నింపేది ఒక పూట, నింపడానికి సిద్ధమయ్యేది ఒక రోజు. ఇలాంటి వ్యాపారం ఎలా నడుస్తుందా అని నాకెప్పుడూ ఆశ్చర్యమే.

అక్క మొదట నాలాగే ప్యాకింగ్ బల్ల దగ్గరే చేరింది. అప్పటి సెట్టరు ఒక ముసలి మేస్త్రి. ఆయన నడుము పట్టేసింది. ఒక పొద్దున చక్రం సగం దాకా ఎత్తి, ఇక వల్లకాక మళ్ళీ కింద పెట్టేశాడు. మా ఓనరు అప్పుడే వాళ్ళ నాన్న కుర్చీలో కొత్తగా కూర్చున్నాడు, కుర్రతనం, కోపం ముక్కు మీదుండేది. "చక్రం ఎత్తలేని మనిషి నాకెందుకు?" అనేశాడు, అందరూ వింటుండగా. మేస్త్రి తల దించుకున్నాడు. ఆ మౌనం భరించలేకనో ఏమో, మా అక్క బల్ల దగ్గర్నించి లేచి వెళ్ళి, ఆ చక్రాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని, "ఎక్కడ పెట్టాలి మేస్త్రిగారూ?" అంది.

మేస్త్రి మంచివాడు. కడుపులో ఏమీ పెట్టుకోకుండా పనంతా నేర్పి వెళ్ళిపోయాడు. అలా మా అక్క సెట్టరైంది. ఓనరు ఆ మాట ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉంటాడు. అక్క మరవలేదు. తన ఉద్యోగం ఆ మాటలోంచే వచ్చింది, ఎప్పుడో ఒకరోజు ఆ మాటతోనే పోతుందని లోలోపల అనుకుంటూనే ఉండేది.

అనుకున్నట్టే కుడి భుజం పట్టుకుంది. మొదట్లో చిన్న నొప్పి, ఏదో పైపూత రాసుకునేది. తర్వాత చెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసింది. డాక్టరు ఫొటో తీయించి చూసి, "ఇక బరువులెత్తితే ఈ చెయ్యి మీ మాట వినదమ్మా" అన్నాడు. ఎత్తకపోతే నయమవుతుందా అంటే నెమ్మదిగా అవుతుందన్నాడు. ఎత్తకుండా ఎలా అని అక్క అడగలేదు, డాక్టరు చెప్పలేదు.

అప్పట్నించీ అక్క తల నేనే దువ్వేదాన్ని. జడ వెనక్కి చెయ్యి వెళ్ళేది కాదు. మేముండేది పక్కపక్క వాటాల్లోనే. పొద్దున్నే దువ్వెన పట్టుకుని నేను వెళితే, అక్కచెల్లెళ్ళ ప్రేమ చూసి బావ మురిసిపోయేవాడు. అతనికి కూడా చెప్పనివ్వలేదు. చెబితే ఆ పూటే ఫ్యాక్టరీకి వచ్చి ఓనర్ని లోపలికి జరగమంటాడని భయం.

"ఓనరుకి చెప్పవే," అని దువ్వినప్పుడల్లా పోరేదాన్ని. "నోట్లో నాలుక లేదా?"

"చెబితే ఏమంటాడో నీకు తెలీదా? మేస్త్రిగార్ని ఏమన్నాడో నువ్వూ విన్నావుగా."

"అప్పుడు కుర్రాడు. ఇప్పుడు పొట్టొచ్చింది."

"పొట్టకీ బుద్ధికీ సంబంధం ఏంటే? గట్టిగా లాగకు, నొప్పి."

నాకు ఒళ్ళు మండేది, కానీ ఏం చేయను? చక్రాలు మార్చే రోజున నాకు పదేపదే టీ గుర్తొచ్చేది. టీకి వెళుతున్నట్టు వెళ్ళి, మిషన్ వెనక వంగి, చక్రం కింద ఒక చెయ్యి వేసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేదాన్ని. నా టీ పిచ్చి గురించి షెడ్డంతా చెప్పుకునేది.

అలా గుట్టుగా లాక్కొస్తుండగా బండ్లు వచ్చాయి.

ఓనరు వాటిని ఒక నెల అద్దెకి తెప్పించాడు. తోడు ఒక ఇంజినీరమ్మాయి. ఎత్తు బీరువాల్లాంటి పెట్టెలు, కింద నాలుగేసి చక్రాలు. ఒక బండి సీసా నింపుతుంది. ఒక బండి మూత బిగిస్తుంది. ఒక బండి లేబుల్ అంటిస్తుంది. మధ్యలో బెల్టు ముక్కలు. పక్కపక్కన పెట్టి తోస్తే టక్కుమని కొక్కెం పడుతుంది, చిన్న పచ్చ దీపం వెలుగుతుంది. తెర మీద సీసా బొమ్మ నొక్కితే చాలు, లోపల సీసాని పట్టుకునే కర్రలు వాటంతటవే దగ్గరకో దూరానికో జరుగుతాయి. స్పానర్‌తో పని లేదు.

"ప్రతి బండీ పక్క బండిని నువ్వెవరు, ఏం చేస్తావు అని అడుగుతుందక్కా," అని ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. "దాన్ని బట్టి తన పని సర్దుకుంటుంది. వాటిని మీరు ఏ వరసలో పెట్టినా పనిచేస్తాయి."

"అంటే పక్కన కూర్చోగానే వరసలు కలుపుకుంటాయన్నమాట," అన్నాను నేను. "మా బావ బస్సులో ఆడవాళ్ళలాగా."

అక్క నవ్వలేదు. బండ్ల చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఎడమ చేత్తో ఒకదాన్ని తోసింది. కదిలింది. మళ్ళీ తోసింది. నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరవలేను. "ఎత్తక్కర్లేదే," అంది నాకు మాత్రమే వినపడేట్టు. "తోస్తే చాలు." నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫినాయిల్ ఘాటు అని ఇంజినీరమ్మాయికి చెప్పాను, ఆ రోజు నింపుతున్నది క్రీమే అయినా.

అయితే ఓనరుకి వాటి మీద గురి కుదర్లేదు. "ఆటబొమ్మల్లా ఉన్నాయి" అనేవాడు. పాత మిషన్‌ని వాళ్ళ నాన్న కొన్నాడు, దాని చప్పుడు వింటే గాని ఆయనకి పని జరుగుతున్నట్టుండదు. చివరికి ఒక మాట తేల్చాడు. ఆసుపత్రుల వాళ్ళ చేతుల సబ్బు ఆర్డరు ఉంది, కొత్త ఆర్డరు, వాళ్ళకి నచ్చితే ఎప్పటికీ మనదే. అది ఈ బండ్ల మీద సరిగ్గా బయటికొస్తే బండ్లు కొంటాడు. లేకపోతే వాటిని వెనక్కి పంపి పాత మిషన్‌కే పోతాడు. పాత మిషన్‌కి పోతే చక్రాలు ఎత్తాలి. అంటే మా అక్క భుజం, ఉద్యోగం, అన్నీ ఆ సబ్బునీళ్ళ మీద ఆధారపడ్డాయి. అది తెలిసింది మా ఇద్దరికే.

ఆ రోజు పొద్దున క్రీము నింపాం. క్రీము డబ్బా మూత వెడల్పు, అంచు బయటికి ఉంటుంది. మూత పెట్టాక లేబుల్ అంటించబోతే అంచు అడ్డొస్తుంది. అందుకని క్రీముకి లేబుల్ బండిని మూత బండికి ఇవతల పెట్టారు. భోజనాల వేళకి క్రీము అయిపోయింది. ఓనరు ఆసుపత్రి వాళ్ళ లారీకి ఎదురెళ్ళే హడావిడిలో గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి కేకేశాడు.

"స్పానరమ్మా, సబ్బుకి మూత ముందు లేబుల్!"

"సరే సార్," అంది అక్క.

అక్కకి వినపడింది మూతకి ముందు లేబుల్ అని. పొద్దున్నించీ బండ్లు అలాగే ఉన్నాయి కదా, మార్చేదేముంది? ఓనరు చెప్పింది మూత ముందు వేయండి, ఆ తర్వాత లేబుల్ అని. తర్వాత అన్న ముక్క ఆయన మనసులోనే ఉండిపోయింది. ఇంజినీరమ్మాయి వచ్చి, "వరస ఇదేనా అక్కా?" అని అడిగింది. "ఓనరుగారే చెప్పి వెళ్ళారమ్మా," అంది అక్క ధీమాగా. తెర కూడా కిక్కురుమనలేదు. ఏ వరసలో పెట్టినా పనిచేస్తుందని ఆ అమ్మాయి ముందే చెప్పింది కదా, పనిచేసింది.

లేబుల్ బండి సీసాని పట్టుకుని గిర్రున తిప్పుతూ లేబుల్ చుడుతుంది. మూత లేని సీసా, నిండా సబ్బు. మొదటి నాలుగైదు సీసాలకి కాస్త తొణికింది, అంతే. తర్వాత వేగం పెరిగింది. ఇక చూడాలి. ప్రతి సీసా లోపలికి వెళ్ళి ఒక తిరుగుడు తిరిగి చుట్టూ సబ్బు చిమ్మి బయటికొచ్చేది. తడి సీసా మీద లేబుల్ నిలుస్తుందా? జారి బెల్టు మీద పడింది, మరో సీసాకి అంటుకుంది, ఒకటి ఎగిరొచ్చి నా మోచేతికి అంటుకుంది. 'చేతులకు మాత్రమే' అని ఉంది దాని మీద. బెల్టుని తుడవడానికి కింద ఉండే బ్రష్షులు ఆ సబ్బుని గిలక్కొట్టి నురగ చేశాయి. అక్క పరిగెత్తి ఎర్రమీట నొక్కేసరికి నురగ మా మడమలు దాటింది.

సరిగ్గా అప్పుడే ఓనరు వచ్చాడు. ఒక అడుగు లోపలికి వేశాడు, రెండో అడుగు ఆయన వేసింది కాదు. సర్రున జారి వచ్చి నా బల్ల కాలు పట్టుకుని కూర్చున్నాడు. ఇంకో రోజైతే నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. ఆ రోజు నవ్వే రాలేదు.

"తీసేయండి ఈ ఆటబొమ్మల్ని!" అన్నాడు లేస్తూ, నురగ తుడుచుకుంటూ. "ఆనాడే అనుకున్నా. లారీ గేటు ముందు ఉంది! స్పానరమ్మా, పాత మిషన్‌కి చక్రాలెక్కించు. ఇప్పుడే."

అక్క అలమర దగ్గరికి నడిచింది. ఈసారి టీ వంక పెట్టడానికి కూడా లేదు, అందరూ అక్కనే చూస్తున్నారు. సబ్బు సీసా చక్రం మీద రెండు చేతులూ వేసింది. ఎడమ చెయ్యి బిగుసుకుంది. కుడి చెయ్యి ఉత్తినే ఆని ఉంది. కాసేపు అలాగే నిలబడింది. నేను లేచాను. అక్క నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. చేతులు తీసేసి ఓనరు వైపు తిరిగింది.

"సార్, మీరు మూత ముందు లేబుల్ అన్నారు కదా?"

"అన్నాను. మూత ముందు! ఆ తర్వాత లేబుల్!"

"తర్వాత అనలేదు సార్."

"ముందు అన్నాక తర్వాత అని వేరే చెప్పాలా?"

"మూత ముందు అంటే మూతకి ముందు అనుకున్నా."

"మూతకి ముందు ఏంటి? మూతే ముందు!"

వాచ్‌మన్ గుమ్మంలోంచి తల దూర్చి, "సార్, లారీ గేటు ముందు ఉందని మీరే అన్నారు. గేటు ముందా, లారీ ముందా?" అన్నాడు. ఓనరు తనలో తనే పెదాలు కదుపుతూ రెండు మూడుసార్లు అనుకుని చూశాడు. మూత ముందు లేబుల్. మూత, ముందు లేబుల్. మొహంలో కోపం పోయి, తప్పు ఎవరిదో తేలని మనిషి దిగులు వచ్చింది.

"చక్రాలెందుకు సార్," అంది అక్క నెమ్మదిగా. "మిషన్ బాగానే ఉంది. మనం చెప్పినట్టే చేసింది పాపం. రెండు బండ్లు అటూ ఇటూ మారిస్తే సరి."

"రేపు పొద్దున్నకి అవుతుందా?"

"మీరు చొక్కా మార్చుకుని రండి, అయిపోతుంది."

ఆయన నమ్మలేదు గాని వెళ్ళాడు, తడిచొక్కాతో ఎంతసేపుంటాడు? ఇంజినీరమ్మాయి, బల్ల దగ్గరి మేం నలుగురం గుడ్డలు తెచ్చి బండ్లూ బెల్టూ తుడిచాం. అక్క కొక్కేలు విప్పింది. లేబుల్ బండిని తుంటితో ఒక తోపు తోసి బయటికి లాగింది. మూత బండిని ఎడమ చేత్తో ముందుకు జరిపింది, లేబుల్ బండిని దాని అవతలికి చేర్చింది. టక్. టక్. పచ్చ దీపాలు వెలిగాయి. బండ్లు మళ్ళీ వరసలు కలుపుకున్నాయి. సీసా లోపలికి వెళ్ళింది, నిండింది, మూత బిగిసింది, ఆ తర్వాత తిరిగింది. చుక్క కూడా తొణకలేదు. లేబుల్ నున్నగా కూర్చుంది. మొదటి సీసా నా బల్ల మీదికి వచ్చినప్పుడు దాన్ని ముద్దు పెట్టుకుందామనిపించింది.

ఓనరు గుండీలు ఒకటి పైకి ఒకటి కిందికి పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వరసగా కదులుతున్న సీసాలు చూసి అక్కడే ఆగిపోయాడు. ఒక సీసా తీసి తలకిందులు చేశాడు, ఊపాడు, గోటితో లేబుల్ అంచు గీకి చూశాడు. వెలుతురు ఉండగానే లారీ నిండి వెళ్ళిపోయింది.

అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం. గచ్చు కడుగుతున్నాం, ఎటూ సబ్బు వేసే పని లేదు. ఓనరు అలమర దగ్గర నిలబడి అక్కని పిలిచాడు.

"అంతా బాగానే ఉంది గానీ, చక్రం ఎత్తమంటే ఎందుకెత్తలేదు? దాని మీద చెయ్యి కూడా వేశావు."

నా చేతిలో చీపురు ఆగిపోయింది. అక్క ఏదైనా సరదాగా అని తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు.

"ఎత్తలేను సార్. భుజం పోయింది. చాన్నాళ్ళయింది."

"మరి ఇన్నాళ్ళూ ఎలా ఎక్కించావు?"

"చెల్లెలు ఒక చెయ్యి వేసేది."

ఆయన నా వైపు తిరిగాడు. "అదా ఆ టీల సంగతి!" అన్నాడు. నేను మళ్ళీ గచ్చు ఊడవడం మొదలుపెట్టాను.

తర్వాత ఆయన చేసిన పని ఎవరూ అనుకోనిది. చొక్కా చేతులు పైకి మడిచి, వంగి, ఆ చక్రాన్ని తనే ఎత్తబోయాడు. అది అంగుళం లేచింది. ఆయన మొహం కందగడ్డైంది. మెడ నరాలు ఉబ్బాయి. చక్రం ధన్‌మని మళ్ళీ తన చోట కూర్చుంది. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ చాలాసేపు ఉండిపోయాడు. ఇన్నేళ్ళుగా అది ఆయన అలమరలోనే ఉంది, దాని బరువెంతో ఆయనకి ఆ రోజే తెలిసింది.

"మనిషి ఎత్తలేని చక్రం నాకెందుకు?" అన్నాడు ఊపిరి అందాక. "పాతసామాన్ల వాణ్ణి పిలవండి."

అక్క కదల్లేదు. నేనూ కదల్లేదు. ఆయన మాత్రం తను ఏం అన్నాడో, ఎప్పుడేం అన్నాడో ఏమీ ఎరక్కుండా గుండీలు సరిచేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి మా షెడ్డులో 'ముందు' అనే మాట నిషేధం. మొదట అనాలి, లేదా తర్వాత అనాలి. ఎవరైనా నోరు జారితే అందరికీ టీ వాళ్ళదే. ఎక్కువగా జారేది ఓనరు నోరే, అందుకని నా టీ పిచ్చి ఇప్పటికీ తీరుతోంది. అక్క పేరు మాత్రం మారలేదు, స్పానర్ ఇంట్లో మేకుకి వేలాడుతున్నా.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే బావ వాసన చూసి, "సబ్బు," అన్నాడు. "కానీ ఇంతా?" అక్క అప్పుడు అతనికి అంతా చెప్పింది, భుజంతో మొదలుపెట్టి. బావ లేచి అక్క పక్కన చోటు చేసుకుని, లోపలికి జరగమనకుండానే కూర్చున్నాడు.

నేను వెనక కూర్చుని నురగంటిన జడ విప్పాను. దువ్వుతుంటే అక్క భుజాలు వణికాయి. ఏడుస్తోందేమోనని ముందుకు వంగి చూశాను. నవ్వుతోంది. కళ్ళలో నీళ్ళున్నాయి గాని నవ్వే.

"ఇన్నేళ్ళూ ఆ మాటకే భయపడి చచ్చానే," అంది. "ఇవాళ మళ్ళీ అదే మాట అన్నాడు, విన్నావా? చక్రం, ఎత్తలేని, మనిషి. ఒక్క ముక్క కూడా కొత్తది కాదు."

"మరి?"

"వరస మార్చాడు, అంతే."